రంపం కడిగిన నీళ్లు

ఊరి పేరు రాయను. అక్కడ ఒక ఇంట్లో గోనెసంచిలో చుట్టి దాచిన వస్తువు చట్టం ప్రకారం ఎవరింట్లోనూ ఉండకూడదు. విజయనగరంలో బస్సు దిగి ఒక షేర్ ఆటో, ఆ తర్వాత ఇంకో ఆటో ఎక్కాలి. సరుగుడు తోటలు దాటాక, ఏరు సముద్రంలో కలిసే చోట ఊరు కనిపిస్తుంది. ఏరు కలిసే ఆ చోటిని అక్కడివాళ్లు మొగ అంటారు. ఇంతకన్నా చెప్పను.

నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగాను. చదువయ్యాక విశాఖలో ఒక ల్యాబ్‌లో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. పనేంటని ఇంట్లో అడిగితే సముద్రం నీళ్లు తేవడం అని చెప్పాను. "నీళ్లు మోయడానికా నీకు ఎమ్మెస్సీ?" అంది మా అమ్మ. ఆ మాటకి కోపమొచ్చి ఫోన్ పెట్టేశాను. నాకు కోపం తొందరగా వస్తుంది. మా మేడమ్ కూడా చేరిన మొదటి వారంలోనే కనిపెట్టేసింది.

కానీ పని నిజంగా అదే. చేప నీళ్లలో తిరిగినంతసేపూ ఒంటి జిగురో, పొలుసు ముక్కో, మలమో వదులుతూనే ఉంటుంది. చేప వెళ్లిపోయినా ఆ ఆనవాలు కొంతసేపు నీళ్లలో మిగులుతుంది. ఒక సీసాడు నీళ్లు తెచ్చి సన్నటి ఫిల్టర్‌లో వడకడితే, దాని మీద అంటుకున్న డీఎన్ఏని బట్టి ఆ చుట్టుపక్కల ఏయే ప్రాణులు తిరిగాయో చెప్పొచ్చు. వల వేయక్కర్లేదు, దేన్నీ చంపక్కర్లేదు. నాకు ఇందులో నచ్చింది ఆ ఒక్క ముక్కే.

మాకు పడవ ఇచ్చినాయన నలభై దాటిన మనిషి, తెల్ల ఫైబర్ పడవ ఆయన సొంతం. మొదటిరోజు ఇదంతా ఆయనకి వివరించాను. శ్రద్ధగా విన్నాడు.

"అంటే నీల్లు వాసన సూసి ఏ సేప తిరిగిందో సెప్పేత్తారన్నమాట. పోలీసు కుక్కలాగ."

"అన్నా!"

"తప్పేటున్నాది పాపా. దానికైతే గవర్నమెంటు ఉద్యోగం. నీది కాంట్రాక్టే కదేటి."

అప్పటికే నా మూడ్ బాగాలేదు. ఫిల్టర్ల డబ్బా ఆటోలో మర్చిపోయాను. ఆటో అతను ఎక్కడున్నాడో తెలీదు. ఇసుక మీద ఫోన్ సిగ్నల్ లేదు. సరుగుడు తోట దాకా వెళ్లి, ఒక చెయ్యి పైకెత్తి, ఆటో స్టాండులో తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేస్తూ అరుస్తున్నాను. డబ్బా తిరిగొచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఈలోగా వాళ్లు పడవని అలల దగ్గరికి తోసేసి ఎదురుచూస్తున్నారు.

"బేగి ఎక్కు పాపా. పోటు నీ ఫోను కోసం ఆగదు."

పడవ ముక్కు తడిగా ఉంది. పడవ తడిగా ఉండటంలో వింతేముంది? మేము సీసా దించే నీలం నైలాన్ తాడు చుట్ట ఆ ముక్కులోనే పడేసి ఉంది. నేను గ్లౌజులు తొడుక్కుని, మొగ దగ్గర మొదటి సీసా దించాను. తర్వాత లోతుకి వెళ్లి ఇంకొన్ని. ఒడ్డుకొచ్చాక ల్యాబ్ నుంచి తెచ్చిన శుభ్రమైన నీళ్లని కూడా ఐస్ పెట్టె మూత మీద పెట్టి అలాగే వడకట్టాను. ఆ ఖాళీ నీళ్లలో ఏదైనా కనిపిస్తే మన చేతుల నుంచే ఏదో కలిసిందని అర్థం. ప్రతిసారీ చేయాల్సిన జాగ్రత్త అది.

ఫిల్టర్లు సర్దుకుంటుంటే ఒక ముసలావిడ వచ్చి నా ముందు గొంతుక్కూర్చుంది. పడవ ఆయన తల్లి.

"నువ్వేనేటి నీల్లు ఎత్తుకెల్లే గుంటవి?"

"అవును అమ్మమ్మా."

"ఏ సేపయినా సెప్తాదా మీ మిసను?"

"చాలా వరకు చెప్తుంది."

"రంపం సేప?"

పడవ ఆయన అటు తిరిగి ఇంజను తుడుస్తున్నవాడు ఆగాడు. "అమ్మా, ఆ పాపకి బస్సెల్లిపోతాది" అన్నాడు. ఆవిడ వినలేదు.

రంపం చేప నాకు తెలుసు. పుస్తకాల్లో చూశాను. సొరలా ఉంటుంది గానీ, పళ్లెంలా పరుచుకుని ఉండే టేకు చేపల చుట్టం. ముక్కు పొడవుగా బల్లపరుపుగా సాగి, రెండు పక్కలా పళ్లతో అచ్చం రంపంలా ఉంటుంది. వలలో ఆ పళ్లు చిక్కుకుంటే ఇక బయటపడలేదు. అందుకే ప్రపంచంలో దాదాపు అన్ని తీరాల్లోనూ కనిపించకుండా పోయింది.

"ఈడు సంకలో ఉండేటోడు" అని ఆవిడ మొదలుపెట్టింది, కొడుకుని చూపిస్తూ. "ఈల్ల అయ్య వల పీకతంటే రాలేదు. ఏ దూలమో సిక్కిందనుకున్నారు. అందరూ కూడి ఒడ్డుకి లాగినారు. రంపం సేప. మా ఇంటి వాకిలంత. కడుపు కోత్తే పిల్లలు. ఒక్కోటీ నా మోసేతంత. ఆటికీ రంపాలున్నాయమ్మా, సిన్నసిన్నవి. మెత్తగా, పైన పొరతోటి. తల్లి కడుపు సీరుకుపోకుండా దేవుడు తొడుగు తొడిగీసి పంపినాడు."

ఆవిడ తన వేలి చుట్టూ కొంగు చుట్టి ఆ తొడుగు ఎలా ఉందో చూపించింది.

"ఇసకలో కదిలినాయి. నీల్లలో ఒగ్గీమన్నాను. ఒగ్గినారు. ఎల్లకిలా తేలిపోనాయి. ఆ రోజు ఊరంతా కూరొండుకున్నారు. నాకు ముద్ద దిగలేదు."

"ఆ తర్వాత?"

"తరవాత ఎవులి వలకీ పడలేదు. ఇన్నేల్లయినాది. మా పెనిమిటి సచ్చిపోయేదాకా అదే మాట. ఆకరిది నా వలకే రావాల్నేటి, నానే తుడిసెట్టేసినానేటి అనీసి. మంచంలో పడ్డాక కూడా అదే." ఆవిడ నా ఐస్ పెట్టెని చేత్తో తడిమింది. "ఒకటైనా మిగిలున్నాదేమో మీ మిసన్ని అడుగు తల్లీ. ఆయనైతే ఎల్లిపోనాడు. నాకైనా తెలుత్తాది."

"మరి ఆ రంపం ఏమైంది?" అని అడిగాను. ఫోటో తీద్దామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా.

ఆవిడ నా ఫోన్ వైపు చూసింది. తర్వాత కొడుకు వైపు.

"ఎప్పుడో పోనాది" అంది.

ఆ తర్వాత ప్రతి వారం ఫోన్ వచ్చేది. కొడుకు నంబరు కలిపి ఇచ్చేవాడు, ఆవిడ మాట్లాడేది. "ఏటయినాది? సెప్పిందా?" లేదమ్మమ్మా, టైము పడుతుంది అనేదాన్ని. "సరే, తిన్నావేటి?" అని మాట ముగించేది. ఆవిడకి ఫోన్ కట్ చేయడం రాదు. ఎక్కడ కూర్చుని మాట్లాడిందో అక్కడే పెట్టేసి వెళ్లిపోయేది. నేనూ వెంటనే కట్ చేసేదాన్ని కాదు. మీటింగ్ మధ్యలో ఇయర్‌ఫోన్స్‌లో ఆ ఇంటి కోళ్లు, గిన్నెలు, ఎవరినో తిడుతున్న ఆవిడ గొంతు వినిపిస్తుండేవి. కొడుకు వచ్చి "ఓలమ్మా, ఇంకా అలాగే ఒగ్గేసినావేటి!" అని కట్ చేసేదాకా వినేదాన్ని.

వానలు పడుతున్న రోజుల్లో ఫలితాలొచ్చాయి. మేడమ్ నన్ను కంప్యూటర్ దగ్గరికి పిలిచి, ఒక లైను మీద వేలు పెట్టింది. మొగ దగ్గర తీసిన మొదటి సీసా. రంపం చేప. ఖాళీ నీళ్లు శుభ్రంగా ఉన్నాయి. మా ల్యాబ్‌లో ఆ చేప ముక్క ఎప్పుడూ అడుగుపెట్టలేదు. నేను కేక పెట్టాను. మేడమ్ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, "ఒక్క సీసాలోనే ఉంది. మళ్లీ వెళ్లి తీసుకురా. వాళ్లకి చెప్పు, వాళ్ల ఊరి నీళ్లే కదా. కానీ ఉండొచ్చు అని మాత్రమే చెప్పు" అంది.

నేను అలాగే చెప్పాను. "ఉండొచ్చట అమ్మమ్మా. ఒక సీసాలో దాని ఆనవాలు దొరికింది. ఇంకోసారి తీసి చూడాలి."

అవతల ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు, వాకిట్లోకి పోతున్న అడుగులు, దూరంగా ఆవిడ గొంతు. "ఓలమ్మా, ఇనండే! ఉన్నాదట! మా ఆయన తుడిసెట్టలేదట! ఉన్నాదట!"

కట్ చేయకుండా విన్నాను. ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను కూడా. ఎవరైనా చూస్తారని ఫోన్‌లో ఏదో చదువుతున్నట్టు తల దించుకున్నాను.

వానలు తగ్గాక రెండోసారి వెళ్లాను. ఈసారి డబ్బా మర్చిపోలేదు, టైముకి ముందే చేరాను. ఆటో దిగుతుంటేనే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు "నీల్లమ్మాయొచ్చింది" అన్నారు. తినడానికి రాగి అంబలి, వేపిన సావళ్ల చేపలు పెట్టారు. పడవ ఆయన కొత్త చొక్కా వేసుకున్నాడు.

"సముద్రంలోకేనా అన్నా, పెళ్లికా?"

"మా అమ్మ ఏయించినాది. నువ్వు ఈడియో తీత్తావట కదా, మాసిన సొక్కాతో కనపడొద్దంట."

పడవ నీళ్ల అంచున ఉంది. నేను ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాను. ముసలావిడ ఇంట్లోంచి వస్తోంది. రెండు చేతుల మీదా చంటిబిడ్డని మోస్తున్నట్టు ఏదో మోసుకొస్తోంది. దగ్గరికొచ్చి, నా ఫోన్‌కి బాగా కనబడేలా ఎత్తి చూపించింది. నల్లబడి, నున్నగా అరిగిపోయిన రంపం. కొన్ని పళ్లు ఊడిపోయాయి. పసుపు, కుంకుమ దాని పళ్ల సందుల్లో ఏళ్ల తరబడి పేరుకుని ఉన్నాయి.

"ఆ రోజు అబద్దమాడినాను తల్లీ. నువ్వు పైవూరి దానివి, సేతిలో ఫోనొకటి. బయమేసినాది. ఇప్పుడు మనం మనం ఒకటే."

తర్వాత రంపాన్ని పడవ ముక్కు మీద ఆనించి పట్టుకుని, చెంబులోని పసుపునీళ్లతో కడగడం మొదలుపెట్టింది. పళ్ల మధ్య వేలు పెట్టి తోముతూ, నెమ్మదిగా, బిడ్డకి నీళ్లు పోసినట్టు. "పడవెల్లే రోజల్లా కడుగుతాను" అని వీడియోకి చెబుతోంది. "ఆయన మొదలెట్టినాడు, తప్పు కాయమనీసి. ఆయన పోనాక నాను. ఈ రోజు మాత్రం తప్పు కాయమని అడగను. దండవెట్టుకుంటాను, అంతే."

ఆ నీళ్లు రంపం మీద నుంచి జారి పడవ ముక్కులోకి, అక్కడ చుట్ట చుట్టి ఉన్న నీలం తాడు మీదకి కారుతున్నాయి. నేను అది కళ్లతో చూడలేదు. ఫోన్ తెరలో చూశాను.

"ఆపు! ఏం పోస్తున్నావ్ దాని మీద!"

అంత గట్టిగా అరిచానని అప్పుడు తెలీలేదు. ఆవిడ చేతిలో చెంబు వంగినట్టే ఆగిపోయింది.

"అరవకు" అన్నాడు పడవ ఆయన. "మా అమ్మ నీకేటి సేసినాది?"

"మొదటిసారి కూడా ఇలాగే పోసిందా? నేను తోటలో ఫోన్‌లో ఉన్నప్పుడు? ఈ తాడు మీదే?"

"ప్రతిసారీ పోత్తాది. సెప్తన్నాది కదా."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు అన్నా!"

"సెప్తే? నువ్వు ఫోన్లో ఎట్టీసి లోకమంతా సూపిత్తే, రేపు ఫారెస్టోల్ల జీపొత్తే జైలుకి ఎవులెల్తారు? నువ్వెల్తావా?"

తోటలోకి నడిచాను. సిగ్నల్ దొరికే చెట్టు కింద నిలబడి మేడమ్‌కి ఫోన్ చేశాను. అంతా విని ఆవిడ రెండే ప్రశ్నలు అడిగింది. ఆ రోజు ఖాళీ నీళ్లు ఎక్కడ వడకట్టావు? ఇసుక మీద. తాడు ఎక్కడుంది? పడవ ముక్కులో. మొదట దించిన సీసాతో పాటు ఆ తాడూ మునిగింది. తర్వాతి సీసాలు దించేసరికి సముద్రం దాన్ని కడిగేసింది. అందుకే ఒక్క సీసాలోనే దొరికింది, ఇసుక మీద వడకట్టిన ఖాళీ నీళ్లకి ఏమీ అంటలేదు.

"మెషిన్‌కి చచ్చినదీ బతికినదీ తేడా తెలీదు" అంది మేడమ్, ఎప్పటికన్నా మెల్లగా. "వాళ్లకి ఇప్పుడే చెప్పేయ్. ఆలస్యం చేసేకొద్దీ కష్టం."

తిరిగొచ్చేసరికి ముసలావిడ పడవ నీడలో ఇసుక మీద కూర్చుని ఉంది. రంపం ఒళ్లో ఉంది. నేనూ ఎదురుగా కూర్చున్నాను. ఫోన్ ఇసుకలో బోర్లా పెట్టాను. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో తెలీక తాడు దగ్గర మొదలుపెట్టాను. నీళ్లు తాడు మీద పడ్డాయి, తాడు సీసాతో పాటు మునిగింది, అని.

ఆవిడ నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"అంటే ఆ రోజు మీకు దొరికింది ఇదేనా?"

"ఇదే అయ్యుండొచ్చు అమ్మమ్మా."

"మా ఆయన సంపిందే."

నేను తల ఊపాను. ఆవిడ ఆ రంపం పళ్ల మీద బొటనవేలితో రాస్తూ ఉండిపోయింది. పడవ ఆయన వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు. కొత్త చొక్కా చేతులు పైకి మడిచేశాడు. అంతకుముందు ఉన్న కోపం ఆయన మొహంలో లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

"మరిప్పుడేటి సెయ్యాల?" అన్నాడు.

"కొత్త తాడు కావాలి. పడవ ముక్కంతా బ్లీచింగ్ నీళ్లతో కడగాలి. ఈ నీళ్లు..." ఆగిపోయాను.

"పొయ్యకూడదు" అని ఆవిడే పూర్తి చేసింది. "ఎన్నాల్లు?"

"ఫలితం వచ్చేదాకా పోయకపోతే మంచిది. మళ్లీ తీయాల్సొస్తే ఇబ్బంది ఉండదు."

ఆవిడ లేచి ఇంట్లోకి వెళ్లింది. పెట్టె మూత తీసిన చప్పుడైంది. ఒక పంచె తెచ్చింది. భర్త పెళ్లికి కట్టుకున్న పొందూరు నేతట, తెల్లగా, మడత మీదే ఉంది. దాంట్లో రంపాన్ని చుట్టి, గోనెసంచిలో పెట్టి, సంచి మూతి తాడుతో బిగించి కట్టింది.

సాయంత్రం పడవ ఆయన బ్లీచింగ్ నీళ్లతో పడవ ముక్కు తోమాడు. ఏళ్ల నాటి పసుపు మరక. మొదట ఎర్రబడింది, తర్వాత వెలిసిపోయింది, చివరికి ఫైబర్ తెల్లదనం బయటపడింది. ముసలావిడ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. నేను సాయం చేయబోతే ఆయన బ్రష్ ఇవ్వలేదు.

మర్నాడు తెల్లవారాక వెళ్లాం. ఆ పడవ ఆ నీళ్లు పోయకుండా సముద్రంలోకి వెళ్లడం అదే మొదటిసారని దారిలో చెప్పాడు. జోకులు వేయలేదు. ఈసారి ఖాళీ నీళ్లు ఇసుక మీద కాదు, పడవ ముక్కులోనే, తాడు పక్కనే వడకట్టాను. మొగ దగ్గర ఒకచోట కాదు, అటూ ఇటూ తిరిగి చాలాచోట్ల సీసాలు దించాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ మేము బయల్దేరినప్పుడు ఎక్కడ కూర్చుందో అక్కడే కూర్చుని ఉంది.

ఆ వారం ఫోన్ రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. నేనే చేస్తే పడవ ఆయన ఎత్తేవాడు. "బాగానే ఉన్నాది. నాను తిరిగొచ్చేదాకా ఇసకలో కూకుంటాది, ఎండైనా సరే. సెప్తే ఇనదు" అనేవాడు. రోజూ వేటకి వెళ్లే మనిషి. రోజూ నీళ్లు పోయకుండానే వెళ్తున్నాడు, నా సీసాల కోసం.

ఫలితం వచ్చింది. కోనాం ఉంది. చందువలు, కవ్వళ్లు, సావళ్లు, మాగ, మూడు రకాల టేకులు ఉన్నాయి. ఆ ఊళ్లో ఎవరూ చెప్పని ఒక సన్నటి పాము చేప కూడా ఉంది. కావలసింది మాత్రం లేదు. ఏ సీసాలోనూ లేదు. మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసి, నేను విదిలించేలోపే తీసేసింది.

ఫోన్ చేసి, అమ్మమ్మకి ఇవ్వమన్నాను.

"ఆ, సెప్పు."

"రాలేదు అమ్మమ్మా."

గాలి చప్పుడు. వాకిట్లో ఉన్నట్టుంది.

"రాలేదంటే లేదని కాదు" అన్నాను. "మేము తీసింది కొన్ని సీసాలే. సముద్రం చాలా పెద్దది. అది ఆ రోజు అటువైపు రాకపోయి ఉండొచ్చు..." శాస్త్రం ప్రకారం ప్రతి ముక్కా నిజమే. చెప్తుంటే ఏదీ నిజంలా వినిపించలేదు.

"నువ్వలాగే సెప్తావనుకున్నాను" అంది ఆవిడ. కోపం లేదు. "ఆయనుంటే నీకు బదులు సెప్పేటోడు. నాకేటి తెలుసు."

"నేను అరిచినందుకు..."

"ఒసే, అదేటి పెద్ద అరుపు! మా ఆడబిడ్డ అరుపు ఇనలేదు నువ్వు." కొంచెం నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగింది. "ఒక మాట అడుగుతాను. ఇప్పుడు నీల్లు పోసుకోవచ్చా?"

ఫలితాల కాగితాన్ని బల్ల మీద బోర్లా తిప్పాను.

"పోసుకో అమ్మమ్మా."

"నువ్వు మల్లీ ఎప్పుడొత్తావో ముందే సెప్పు. ఆ రోజు పొయ్యను. తాడు కూడా ఎనకాల ఎట్టమంటాను. మల్లీ సూద్దాం. సరేనా? తిన్నావేటి?"

తిన్నానన్నాను. తినలేదు.

ఆవిడ ఫోన్ ఎక్కడో పెట్టేసింది. కట్ చేయలేదు. నేనూ చేయలేదు. గోనెసంచి ముడి విప్పుతున్నట్టు గరగరమని చప్పుడైంది. కొడుకుతో ఏదో అంది, వినిపించలేదు. తర్వాత చాలాసేపటిదాకా, మెల్లగా, ఆగి ఆగి, నీళ్లు పోస్తున్న చప్పుడు.